ఆమెకు అతనేమవుతాడు?

భర్త చేతిలో, ప్రియుడి చేతిలో, విడిపోయిన మొగుడి చేతిలో ఏటా ఎంతమంది ఆడవాళ్లు హతమవుతున్నారు? భారతదేశంలో ఈ ప్రశ్నకు అధికారిక జవాబు లేదు. వరకట్న మరణాల లెక్క ఉంది, హత్యల లెక్క ఉంది, ఆత్మహత్యల లెక్క ఉంది, మంటల్లో పోయినవాళ్ల లెక్కా ఉంది. అడిగిన లెక్క మాత్రం ఈ నాలుగింటిలోనూ తునకలుగా చెదిరి ఉంటుంది. దాన్ని ఏరి ఒకచోట పోసే పని ఏ శాఖదీ కాదు.

ఈ చెదురుబాటు ఎలా జరుగుతుందో చూడాలంటే కర్నూలు జిల్లా పడమటి కొసన ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాన్ని తీసుకోవచ్చు. ఇక్కడ పత్తి ఉంది, పత్తితోపాటు రైతుల ఇళ్లలో పురుగుమందు ఉంది. వానలు మొహం చాటేసిన ఏడు గుంటూరు మిరప చేలకో, బెంగళూరు, హైదరాబాద్ కట్టడాలకో సుగ్గికి, అంటే వలస కూలికి, పోయే కుటుంబాలున్నాయి. మేనరికాలున్నాయి, చిన్న వయసు పెళ్లిళ్లున్నాయి. ఒకపక్క కర్ణాటక సరిహద్దు, ఆదోని మీదుగా ముంబై–చెన్నై రైలు మార్గం, పొలాల గుండా తుంగభద్ర దిగువ కాలువ. వీటిలో ఏదైనా సరే ఒక మరణాన్ని ఒక పట్టికలోంచి తీసి మరో పట్టికలో పడేయగలదు.

ప్రపంచమంతటా ఈ లెక్క బలహీనమే. ఐక్యరాజ్యసమితి సంస్థలైన యూఎన్ఓడీసీ, యూఎన్ ఉమెన్ అంచనా ప్రకారం 2023లో 85,000 మంది మహిళలు, బాలికలు ఉద్దేశపూర్వక హత్యలకు బలయ్యారు. వారిలో 51,100 మందిని చంపింది జీవిత భాగస్వాములు లేదా కుటుంబ సభ్యులు. సగటున రోజుకు 140 మంది. ఇది తలలు లెక్కపెట్టి తేల్చిన సంఖ్య కాదు, కొన్ని దేశాల వివరాలతో వేసిన అంచనా. ఈ వివరాలిచ్చిన దేశాలు 2020లో 75 ఉంటే 2023 నాటికి 37కి పడిపోయాయి. 2021లో జరిగిన హత్యల్లోనైతే పదింటికి నాలుగింట, ఆమె స్త్రీ కావడం వల్ల చంపారా అన్నది తేల్చడానికి కావలసిన సమాచారమే లేదు.

సెక్షన్ల మధ్య జారిపోయే మరణం

ఒక వివాహిత అసహజంగా చనిపోతే పోలీస్ స్టేషన్‌లో మొదట నమోదయ్యేది చాలాసార్లు ‘అనుమానాస్పద మృతి’. 2024 జూలై 1కి ముందు ఇది నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) 174వ సెక్షన్, ఆ తర్వాత భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్. శవపంచనామా జరుగుతుంది, పోస్టుమార్టం జరుగుతుంది, విషం అనుమానం ఉంటే లోపలి అవయవాల నమూనా (విసెరా) ఫోరెన్సిక్ ల్యాబ్‌కి వెళుతుంది. పెళ్లయి ఏడేళ్లు నిండకపోతే మేజిస్ట్రేట్ అధికారాలున్న రెవెన్యూ అధికారి, మామూలుగా తహసీల్దారు, విచారణ జరపాలి. నివేదికలన్నీ చేరాక కేసు మూతపడవచ్చు, లేదా ఆత్మహత్యకు ప్రేరేపణగానో, వరకట్న మరణంగానో, హత్యగానో మారవచ్చు. స్టేషన్ మాటల్లో దీన్ని ‘సెక్షన్ ఆల్టర్ చేయడం’ అంటారు. అందుకు వారాలు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు. డిసెంబర్‌లో పోయిన మనిషి కేసు మార్చిలో హత్యగా తేలితే, ఆమె ఏ ఏడాది లెక్కలో, ఏ పేరుతో ఉంటుందన్నది రికార్డు రాసేవారి శ్రద్ధ మీద ఆధారపడుతుంది.

దేశం మొత్తానికి నేరాల లెక్క వేసేది జాతీయ నేర రికార్డుల బ్యూరో, ఎన్‌సీఆర్‌బీ. ‘క్రైమ్ ఇన్ ఇండియా’ నివేదిక 1953 నుంచి వస్తోంది. దానికి ఒక నియమం ఉంది. ఒకే ఎఫ్ఐఆర్‌లో నాలుగు సెక్షన్లుంటే అన్నిటికన్నా తీవ్రమైన నేరం కింద మాత్రమే ఆ కేసును లెక్కిస్తారు. భార్యను ఏళ్ల తరబడి కొట్టి, చివరికి చంపిన భర్త మీద వేధింపుల సెక్షన్, హత్య సెక్షన్ రెండూ పడితే లెక్కకు వచ్చేది హత్య ఒక్కటే. పైగా ఆ నివేదికలో ‘మహిళలపై నేరాలు’ అనే అధ్యాయంలో వరకట్న మరణాలు ఉంటాయి, అత్యాచారం చేసి చంపిన కేసులు ఉంటాయి, భర్త గొంతు నులిమి చంపిన హత్య ఉండదు. అది మగవాళ్ల హత్యలతో, ముఠా తగాదాలతో, భూమి గొడవలతో కలిసి సాధారణ హత్యల పట్టికలోకి వెళుతుంది.

ఆ పట్టికలో హత్యకు కారణాలు రాస్తారు. 2022లో దేశంలో నమోదైన 28,522 హత్య కేసుల్లో 9,962 కేసులకు కారణం ‘వివాదాలు’. కుటుంబ తగాదాలు కూడా అందులోనే. ఇంకా ‘ప్రేమ వ్యవహారం’, ‘అక్రమ సంబంధం’ అనే కాలమ్‌లున్నాయి. భార్య మీద అనుమానంతో గొడ్డలి ఎత్తిన భర్త కేసు ఈ చివరిదానిలో పడడానికి అవకాశం ఎక్కువ. అంటే చంపినవాడు చెప్పిన కారణమే చనిపోయిన మనిషి ప్రభుత్వ రికార్డుగా మిగులుతుంది. ఆమెకు సంబంధం ఉందో లేదో తేల్చాల్సిన అవసరం ఆ కాలమ్‌కి లేదు. ఇంతకన్నా విచిత్రం మరొకటి ఉంది. అత్యాచార కేసుల్లో నిందితుడు బాధితురాలికి ఏమవుతాడో ఎన్‌సీఆర్‌బీ విడిగా పట్టిక వేసి చెబుతుంది. హత్య కేసులకు అలాంటి పట్టిక లేదు. బతికున్న ఆడమనిషి గురించి అడిగే ప్రశ్న, చనిపోయిన ఆడమనిషి గురించి అడగరు.

ఇక వరకట్న మరణం. 1986లో భారత శిక్షా స్మృతికి 304–బీ సెక్షన్ చేర్చారు. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 80వ సెక్షన్. పెళ్లయిన ఏడేళ్లలోపు కాలిన గాయాలతోనో, దెబ్బలతోనో, మరే అసహజ కారణంతోనో స్త్రీ చనిపోవాలి. చావుకు కాస్త ముందు కట్నం కోసం భర్తో, అతని బంధువులో వేధించి ఉండాలి. 2022లో ఈ సెక్షన్ కింద 6,450 కేసులు నమోదయ్యాయి. దేశంలో స్త్రీ హత్యలన్నిటిలో వరకట్న మరణాలే 40 నుంచి 50 శాతం అని యూఎన్ఓడీసీ 2019లో తన ప్రపంచ హత్యల అధ్యయనంలో పేర్కొంది. ఈ చట్టం లేకుంటే ఆ మరణాలు స్టవ్ పేలిన ప్రమాదాలుగానే మిగిలిపోయేవి, అందులో సందేహం లేదు. కానీ గణాంకంగా చూస్తే అది కట్నం అనే ఒక కారణాన్ని, ఏడేళ్లనే ఒక గడువును గీసి, ఆ గీతకు అవతల ఉన్నవాళ్లను చీకట్లో ఉంచింది. ఎనిమిదో ఏట చనిపోయిన భార్య అందులోకి రాదు. తాగుడుకు డబ్బివ్వలేదని చంపిన భర్త కేసు రావడం కష్టం. పెళ్లి కాకుండా కలిసి ఉన్నవాళ్లు, నిశ్చితార్థమైన అమ్మాయిలు, కాదన్నందుకు చనిపోయిన అమ్మాయిలు అసలే రారు. 2021 ఆగస్టు 15న గుంటూరులో పట్టపగలు నడిరోడ్డు మీద ఒక బీటెక్ విద్యార్థినిని పొడిచి చంపిన యువకుడికి మరుసటి ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు ఉరిశిక్ష వేసింది. రాష్ట్రమంతా కదిలిపోయిన ఆ కేసు కూడా జాతీయ పట్టికలో సాధారణ హత్యల్లో ఒకటి.

ఎన్‌సీఆర్‌బీ లెక్క ఎఫ్ఐఆర్ దశది. కోర్టులో జరిగే మార్పులు దానికి అందవు. రాజ్‌బీర్ కేసులో 2010లో సుప్రీంకోర్టు, వరకట్న మరణం అభియోగానికి మామూలుగా హత్య అభియోగాన్నీ జోడించాలని కింది కోర్టులను ఆదేశించింది. 2013లో మరో ధర్మాసనం, సాక్ష్యం ఉంటేనే అలా చేయాలి, యాంత్రికంగా కాదని వివరణ ఇచ్చింది. ఈ తేడాలన్నీ తీర్పుల్లో కనిపిస్తాయి, గణాంకాల్లో కనిపించవు.

ఏడేళ్లు ఎప్పటి నుంచి?

చట్టం పెళ్లి తేదీ నుంచి ఏడేళ్లు లెక్కపెడుతుంది. పడమటి మండలాల్లో ఆ తేదీయే సమస్య. పద్నాలుగేళ్లకే పెళ్లి చేసిన తల్లిదండ్రులకు నిజం తేదీ చెబితే బాల్యవివాహ నిషేధ చట్టం ఎదురొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లిళ్ల నమోదును తప్పనిసరి చేస్తూ 2002లోనే చట్టం వచ్చింది. కానీ గుడి దగ్గరో, ఇంటి ముందు పందిట్లోనో జరిగిన పెళ్లికి ఫొటోలే సాక్ష్యమయ్యే చోట విచారణాధికారి రాసుకునేది ఇరువైపుల వాళ్లు చెప్పిన మాట. అమ్మాయి వాళ్లు కేసు కావాలనుకుంటే ఒక తేదీ, వద్దనుకుంటే మరో తేదీ. మరణం లెక్కలోకి రావడం, రాకపోవడం ఆ మాట మీద నడుస్తుంది.

రాయలసీమలో ఇంకో చిక్కు మేనరికం. వరకట్న చట్టం వెనక ఒక ఊహ ఉంది. పుట్టిల్లు వేరు, అత్తిల్లు వేరు, కూతురు చనిపోతే పుట్టింటివాళ్లు ఫిర్యాదు చేస్తారు. ఉత్తరాదిలో గోత్రం, ఊరు దాటి పిల్లనిచ్చే పద్ధతికి ఆ ఊహ సరిపోతుంది. భర్త సొంత మేనమామ అయిన చోట చంపినవాడు తల్లికి తమ్ముడు, చనిపోయింది కూతురు. అత్తగారు అమ్మమ్మే. ఫిర్యాదు చేయాల్సిన తల్లి తన పుట్టింటి మీదే కేసు పెట్టాలి. పెద్దమనుషుల పంచాయితీలో పిల్లల పేర ఎకరమో, ఇల్లో రాయించి రాజీ కుదిర్చితే, పంచనామాలో ‘మాకు ఎవరి మీదా అనుమానం లేదు’ అన్న వాక్యం చేరుతుంది. ఆ వాక్యం ఒక్కటి చాలు కేసు మూతపడడానికి. అంతర్జాతీయ గణాంకాలు కూడా ఇక్కడ తడబడతాయి. అవి హంతకుణ్ని ‘జీవిత భాగస్వామి’ అనో ‘కుటుంబ సభ్యుడు’ అనో రెండు గళ్లలో వేస్తాయి. మామా మొగుడూ ఒకడే అయినవాణ్ని ఏ గడిలో వేయాలి?

మరో గుంపు అసలు పెళ్లి అనే మాట కిందికే రాదు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబర్ 1న బళ్లారి జిల్లా నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రంలో కలిశాయి. ఆ బళ్లారి సీమలో ఆడపిల్లను దేవుడికి వదిలే బసివిని ఆచారం పాతది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1988లో చట్టం చేసి ఇలాంటి అంకితాలను నిషేధించింది. అంతకుముందు అంకితమైన స్త్రీకి భర్త ఉండడు, కలిసి బతికిన మనిషి ఉంటాడు. ఆ మనిషి ఆమెను చంపితే వరకట్న మరణం కాదు, భర్త వేధింపుల కేసు కాదు, ఉత్త హత్య. గృహహింస నుంచి రక్షణ కల్పించే 2005 చట్టం ఒక్కటే పెళ్లి లేని సహజీవనాన్ని కూడా గుర్తించింది. కానీ అది బతికున్న స్త్రీకి రక్షణ ఉత్తర్వులిచ్చే చట్టం, మరణాలను లెక్కించేది కాదు.

స్టవ్, కడుపునొప్పి, దూలం

చావు ఎలా జరిగిందన్నదాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. ఒకప్పుడు కిరోసిన్ స్టవ్ పేలడం దేశమంతటా వినిపించిన కారణం. 2009లో ‘ది లాన్సెట్’ వైద్య పత్రికలో ప్రచురితమైన ఒక అధ్యయనం, 2001లో భారతదేశంలో మంటల వల్ల సుమారు 1,63,000 మంది చనిపోయారని అంచనా వేసింది. పోలీసుల లెక్కకు ఇది ఆరు రెట్లు. చనిపోయినవారిలో సుమారు 1,06,000 మంది స్త్రీలు, ఎక్కువమంది 15 నుంచి 34 ఏళ్ల లోపువాళ్లు. యువతీ యువకుల నిష్పత్తి మూడుకు ఒకటి. వంటగది ప్రమాదాలే కారణమైతే యాభై ఏళ్లు వంట చేసిన ముసలమ్మలు ఎందుకు తక్కువగా కాలిపోయారన్న ప్రశ్నకు ఏ పట్టికా సమాధానం చెప్పదు.

కాలిన మనిషి నుంచి మేజిస్ట్రేట్ తీసుకునే మరణ వాంగ్మూలం న్యాయస్థానంలో బలమైన సాక్ష్యం. గణాంకానికి అదే బలహీనత కూడా. బయట భర్త, పిల్లలు, ఆసుపత్రి ఖర్చు పెడుతున్న అత్తింటివాళ్లు ఉండగా, బతుకుతానన్న ఆశ ఇంకా ఉన్న స్త్రీ ‘స్టవ్ పేలింది’ అని చెప్పడంలో ఆశ్చర్యమేమీ లేదు. 1990ల చివర బెంగళూరులో ‘విమోచన’ అనే మహిళా సంస్థ కాలిన గాయాల వార్డులో కూర్చుని, పోలీసు రికార్డులను పక్కన పెట్టుకుని చూసింది. ప్రమాదాలుగా మూసేసిన కేసులు పెద్ద సంఖ్యలో తిరిగి దర్యాప్తు చేయదగ్గవని వాదించింది. సుగ్గికి పోయిన ఆదోని కుటుంబాల్లో కొన్ని బతికేదీ ఆ నగరంలోనే.

గ్యాస్ వచ్చాక స్టవ్ కథ తగ్గింది. పత్తి నేలలో పురుగుమందు, ఉరి మిగిలాయి. తెలుగు దినపత్రికల జిల్లా పేజీలు చదివే అలవాటున్నవారికి ‘కడుపునొప్పి తాళలేక’ అన్న మాట కొత్త కాదు. పురుగుమందు తాగిన గృహిణి వార్తలో ఆ కడుపునొప్పి ఎన్నో ఏళ్లుగా నిర్విరామంగా వస్తోంది. ఎన్‌సీఆర్‌బీ ఆత్మహత్యల నివేదికలో 2022లో గృహిణుల సంఖ్య 25,309. ఆత్మహత్య చేసుకున్న స్త్రీలలో ఇది సగానికి పైన. ఇందులో బలవంతంగా తాగించినవి ఎన్ని, కొట్టి దూలానికి వేలాడదీసినవి ఎన్ని అన్నది పోస్టుమార్టం నాణ్యత మీద ఆధారపడుతుంది. ఉరికీ గొంతు నులమడానికీ తేడా మెడ మీది గీత దిశలో, లోపలి కణజాలంలో, కంఠంలోని చిన్న ఎముకలో ఉంటుంది. దాన్ని వెతికేందుకు శిక్షణ, సమయం, వెలుతురు కావాలి. ఫోరెన్సిక్ విభాగం ఉన్నది కర్నూలు వైద్య కళాశాలలో. పోస్టుమార్టాలు జరిగేది ఇతర ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ. 2021లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి 23 శాతం వరకే.

ఊరు దాటిన శవం

ఎమ్మిగనూరులో కాలిన మనిషిని కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలకు తీసుకెళితే, మరణం కర్నూలులో నమోదవుతుంది. జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణం సంభవించిన చోటే రిజిస్టర్ కావాలి. ఆదోని నుంచి బళ్లారి ఆసుపత్రికి తీసుకెళితే అది ఏకంగా కర్ణాటక లెక్క. సుగ్గికి పోయిన చోట జరిగితే గుంటూరు లెక్క, లేదా ఎక్కడా కాని లెక్క. రాత్రికి రాత్రి వాహనంలో ఊరు చేర్చి తెల్లారేలోగా మట్టి చేస్తే ఏ స్టేషన్ డైరీలోనూ ఒక్క గీత ఉండదు.

రైలు పట్టాల మీద దొరికిన శవం ఇంకో దారి పడుతుంది. ఆదోని, కోసిగి మధ్య పట్టాల మీద జరిగిన మరణం రైల్వే పోలీసుల పరిధి. ఎన్‌సీఆర్‌బీ జిల్లాల పట్టికలో అది కర్నూలు వరుసలో కాక ‘గుంతకల్లు రైల్వే’ అనే విడి వరుసలో ఉంటుంది. కాలువలో కొట్టుకొచ్చిన శవమైతే ఎగువన కర్ణాటక నుంచీ వచ్చి ఉండవచ్చు. మనిషి ఎవరో తెలియనప్పుడు ఆమెకు ఎవరేమవుతారన్న ప్రశ్నే పుట్టదు. ఇవన్నీ సరిచేసుకుని పాత సంవత్సరాలతో పోల్చుదామంటే 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లాలోంచి నంద్యాల విడిపోయింది. ఆ తేదీకి ముందూ వెనకా ‘కర్నూలు’ అన్న పేరు ఒకటే, నేల ఒకటి కాదు. ఎన్‌సీఆర్‌బీ జిల్లా దాకానే వివరం ఇస్తుంది కాబట్టి ఆదోని సబ్ డివిజన్ సంగతి అందులో దొరకదు.

పోలీసు లెక్క చాలనప్పుడు పత్రికలే దిక్కవడం ఇతర దేశాల్లోనూ జరిగింది. బ్రిటన్‌లో కరెన్ ఇంగాలా స్మిత్ 2012 నుంచి మగవాళ్ల చేతిలో చనిపోయిన స్త్రీల పేర్లను వార్తల నుంచి ఏరి రాయడం మొదలుపెట్టారు. అదే తర్వాత ‘ఫెమిసైడ్ సెన్సస్’ అయింది. మన జిల్లా పేజీల్లోనూ హతురాలి వయసు, ఊరు, నిందితుడి సంబంధం ఉంటాయి. ఈ ఒక్క విషయంలో ఎన్‌సీఆర్‌బీ కన్నా మండల విలేకరి నయం. కానీ వార్త మొదటి రోజు మాటే చెబుతుంది. ఆత్మహత్యగా అచ్చయిన మరణం ఆర్నెల్లకు హత్యగా తేలితే ఆ సంగతి అచ్చవడం అరుదు. దూర తండాల్లో, పేద కులాల్లో జరిగిన చావు వార్తే కాకపోవచ్చు.

ఇంటింటి సర్వేలు ఈ ఖాళీని పూడ్చలేవు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో పెళ్లయిన స్త్రీలలో సుమారు 29 శాతం మంది భర్త హింసను ఎదుర్కొన్నట్టు చెప్పారు. హింసకు గురైనవారిలో సాయం కోరినవారు 14 శాతమే. ఆ సర్వే బతికున్నవాళ్లనే అడగగలదు. సాయం కోరనివారిలో ఎవరు చనిపోయారో చెప్పేవారెవరూ ఉండరు.

స్పెయిన్ 2003 నుంచి భాగస్వాముల చేతిలో చనిపోయిన స్త్రీలను ప్రభుత్వమే లెక్కిస్తోంది, 2022 నుంచి ఇతర స్త్రీ హత్యలనూ చేర్చింది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2011 నుంచి ప్రతి గృహ హత్య తర్వాత పోలీసు, వైద్య, సంక్షేమ శాఖలు కూర్చుని ఆమె అంతకుముందు ఎవరెవరి గడప తొక్కిందో సమీక్షిస్తాయి. ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం 2022లో ఆమోదించిన చట్రం కూడా ముందుగా అడిగేది చంపినవాడికీ చనిపోయిన స్త్రీకీ ఉన్న సంబంధమే.

ఆదోనిలో ఇందుకు కొత్త కార్యాలయం అక్కర్లేదు. నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ ప్రకారం ప్రతి శవపంచనామా నివేదికా 24 గంటల్లోగా జిల్లా మేజిస్ట్రేట్‌కో సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్‌కో చేరాలి. అంటే స్టవ్, ఉరి, పురుగుమందు, కాలువ, అన్ని కాగితాలూ ఒక బల్ల మీదికి వచ్చే ఏర్పాటు చట్టంలోనే ఉంది. ఆ బల్ల మీద ఒక రిజిస్టర్, అందులో వయసు, పెళ్లయి ఎన్నేళ్లు, చివరికి నిలిచిన సెక్షన్, నిందితుడి సంబంధం అనే నాలుగు గళ్లు ఉంటే సరిపోతుంది. పేర్లు అవసరం లేదు.

అప్పటిదాకా చదువరులు అడగవచ్చు. ఆదోని, ఎమ్మిగనూరు స్టేషన్ల పరిధిలో గత ఐదేళ్లలో అనుమానాస్పదంగా నమోదైన స్త్రీల మరణాలెన్ని, వాటిలో సెక్షన్ మారినవెన్ని, నిందితుడు భర్తో భాగస్వామో అయినవెన్ని అని, సమాచార హక్కు చట్టం కింద కర్నూలు ఎస్పీ కార్యాలయానికి రాయండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు.